సౌత్ సూడాన్‌లో మా బాబాయి యూఎన్ డ్యూటీ చేశాడు, అసలు వీళ్ళు అక్కడ చేసేదేంటి?

ఒంగోలు_కుర్రోడు:
మా బాబాయి ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యాడు, కిందటేడు పోయాడు. మొన్న పిన్ని ట్రంకుపెట్టె తీస్తే ఒక లేత నీలం టోపీ, యూఎన్ మెడల్, ఓ పది ఫొటోలు బయటపడ్డాయి. 2013, 14లో అక్కడున్నాడని తెలుసు గానీ ఎప్పుడడిగినా "ఏముందిరా, బురద, దోమలు" అని తేల్చేసేవాడు. ఇప్పుడు నెట్‌లో కూర్చుని చదువుతుంటే ఒళ్ళు మండుతోంది, 2014 ఏప్రిల్‌లో బోర్ అనే ఊళ్ళో యూఎన్ క్యాంపులోకే జొరబడి దాదాపు 50 మంది జనాన్ని చంపేశారంట, అక్కడ మనవాళ్ళు, కొరియా వాళ్ళు కాపలా ఉన్నారంట. తుపాకులు చేతిలో పెట్టుకుని మరి వీళ్ళేం చేసినట్టు? బాబాయిని అంటున్నానని కాదు, నిజంగానే అర్థం కాక అడుగుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి.

మాజీ_ఫౌజీ:
తమ్ముడూ, ముందు బాబాయిగారికి నా సెల్యూట్. నేనూ ఆ మిషన్‌లో చేశా, ఆయన తర్వాత బ్యాచ్‌లో. యూఎన్ వాళ్ళు అక్కడికి యుద్ధం ఆపడానికి వెళ్ళలేదు, ఇది చాలామందికి తెలీదు. 2011 జులైలో కొత్త దేశం పుట్టింది, దాన్ని నిలబెట్టడానికి సాయం చెయ్యమని ఓ 7,000 మంది సైనికుల్ని పంపారు. 2013 డిసెంబర్ 15 రాత్రి రాజధాని జూబాలో ప్రెసిడెంట్ సల్వా కీర్ మనుషులు, అంతకుముందు వైస్ ప్రెసిడెంట్‌గా చేసిన రియెక్ మచార్ మనుషులు కొట్టుకోవడం మొదలెట్టాక అంతా తిరగబడింది. ఏ ప్రభుత్వానికి సాయం చెయ్యమన్నారో ఆ ప్రభుత్వ సైన్యమే ఇళ్ళల్లో దూరి మచార్ తెగైన న్యూయెర్ వాళ్ళని (కీర్‌ది డింకా తెగ) చంపుతుంటే నువ్వు ఎవరి వైపు నిలబడతావ్ చెప్పు?

అప్పుడు చేసిన ఒకే ఒక్క మంచి పని, గేట్లు తియ్యడం. జనం చాపలు, గిన్నెలు, పిల్లల్ని పట్టుకుని కంచె దగ్గరికొస్తే లోపలికి రానిచ్చారు. రెండు మూడు రోజులనుకున్నది ఏళ్ళు గడిచింది, ఒక్క బెంటియు క్యాంపులోనే తర్వాత లక్ష దాటారు. ఒక జిల్లా కేంద్రం అంత ఊరు సైన్యం క్యాంపు పక్కన మొలిచిందనుకో.

బోర్ సంగతికొస్తే, వచ్చినోళ్ళు పిటిషన్ ఇస్తాం అంటూ ఊరేగింపులా వచ్చారు, తర్వాత కంచె తెంచుకుని కాల్చుకుంటూ దూరారు. మనవాళ్ళు తిరిగి కాల్చారు, తరిమారు, కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అకోబో అనే ఇంకో యూఎన్ క్యాంపు గురించి కూడా చదువు. 2013 డిసెంబర్ 19న దాదాపు 2,000 మంది న్యూయెర్ కుర్రాళ్ళు దాని మీద పడ్డారు, లోపల మనవాళ్ళు నలభై చిల్లర. లోపల దాక్కున్న డింకా వాళ్ళని అప్పజెప్పమని అడిగారు. ఇద్దరు మన జవాన్లు అక్కడే పోయారు. అదే సంవత్సరం ఏప్రిల్‌లో కాన్వాయ్‌కి ఎస్కార్ట్ వెళ్తూ ఇంకో ఐదుగురు పోయారు. దోమలు, బురద అని ఊరుకున్నాడంటే మీ బాబాయికి చెప్పుకోబుద్ధి కాలేదు అంతే, మేమూ ఇంట్లో చెప్పం.

సూటిగా_చెప్తా:
ఫౌజీ గారూ మీ మీద గౌరవం ఉంది కానీ జవాన్ల ధైర్యం వేరు, యూఎన్ పనితీరు వేరు, రెండూ కలిపెయ్యకండి. 2016 ఫిబ్రవరిలో మలకాల్ అనే ఊళ్ళో యూఎన్ క్యాంపు తగలబడింది, పాతిక మందికి పైగా పోయారు, సైనికులు ఆలస్యంగా కదిలారని యూఎన్ విచారణలోనే తేలింది. ఆ మలకాల్లో మన బెటాలియన్ కూడా ఉంది, అది కూడా ఒప్పుకోవాలి. అదే ఏడు జులైలో జూబాలో ఒక హోటల్ మీద ప్రభుత్వ సైనికులు పడి స్థానిక జర్నలిస్టుని చంపి, ఎయిడ్ వర్కర్లని రేప్ చేశారు. యూఎన్ బేస్ అక్కడికి కిలోమీటరున్నర కూడా లేదు, కాపాడండి అని ఫోన్ల మీద ఫోన్లు చేసినా ఎవడూ గేటు దాటలా. తర్వాత కెన్యా కమాండర్‌ని పీకేశారు, కెన్యా అలిగి తన సైన్యాన్నే వెనక్కి పిలిచేసుకుంది. ఇంకా పెద్ద జోకు, ఆయుధాలు అమ్మొద్దు అని సెక్యూరిటీ కౌన్సిల్ బ్యాన్ పెట్టింది ఎప్పుడో తెలుసా, 2018 జులైలో. యుద్ధం మొదలైన నాలుగున్నరేళ్ళకి. అది కూడా సరిగ్గా 9 ఓట్లతో, ఒక్కటి తగ్గినా పాసయ్యేది కాదు. అటు తుపాకులు దిగుతుంటే ఇటు నీలం టోపీలు దించడం, బాగుంది లెక్క.

నైరోబీ_రాజు:
నేను అక్కడ ఓ సహాయ సంస్థకి లాజిస్టిక్స్ చూశా నాలుగేళ్ళు, తిండి సంగతి ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేను చెప్తా. ఆ జోంగ్లె, అప్పర్ నైల్ రాష్ట్రాల వైపు నేలంతా మన నల్లరేగడి లాంటిదే. వాన పడిందంటే లారీ ఇరుసు దాకా దిగిపోద్ది, ఒంగోలు తమ్ముడికి నేను చెప్పక్కర్లేదు. వానకాలంలో చాలా ఊళ్ళకి రోడ్డే ఉండదు, ఇక విమానంలోంచి పడెయ్యడమే. దీనికి ప్రభుత్వం దగ్గరా, తిరుగుబాటోళ్ళ దగ్గరా ఇద్దరి దగ్గరా మాట తీసుకోవాలి, ఊరికే ఎగిరితే ఏమవుద్దో అందరికీ తెలుసు, 2012 డిసెంబర్‌లో యూఎన్ హెలికాప్టర్‌నే ప్రభుత్వ సైన్యం కూల్చేసింది, నలుగురు రష్యన్లు పోయారు.

ముందు మావాళ్ళు హెలికాప్టర్‌లో దిగి ఊరివాళ్ళతో కలిసి ఒక మైదానం చదును చేసేవాళ్ళు. పిల్లలూ మేకలూ అడ్డం రాకుండా జనాన్ని దూరంగా నిలబెట్టడమే సగం పని. తర్వాత ఇల్యూషిన్ విమానం కిందకొచ్చి వెనక తలుపు తెరిచి బస్తాలు వదుల్తుంది, ముందు నిశ్శబ్దంగా చుక్కల్లా కనిపిస్తాయ్, నేల తగిలేప్పుడు దబదబమని కాళ్ళ కింద భూమి అదురుద్ది. జొన్నలే ఎక్కువ. బస్తా లోపల బస్తా ఉంటుంది, లోపలిది పగిలినా బయటిది ఆపుతుందని. అయినా కొన్ని చిట్లుతాయ్. అందరూ బస్తాలు మోసుకెళ్ళాక ఆడవాళ్ళు వంగి మట్టితో సహా ఆ గింజలు ఎత్తుకుని చెరుక్కునేవాళ్ళు, అచ్చం మా అమ్మమ్మ కళ్ళంలో చేసినట్టే. రోడ్డు మీద తెచ్చేదానికి ఇది ఎన్నో రెట్లు ఖర్చు, కానీ వేరే దారి లేదు.

ఇంత చేసినా 2017 ఫిబ్రవరిలో లేర్, మయెండిట్ వైపు కరువు ప్రకటించాల్సి వచ్చింది, లక్ష మంది. వానలు లేక కాదు బాబూ, మమ్మల్ని పోనివ్వక, పంటలు తగలబెట్టి పశువుల్ని తోలుకుపోయినందుకు. ఆ జూన్‌కల్లా ఆ రెండు చోట్లా కరువు తగ్గింది, ఎందుకంటే పోనిచ్చారు, తిండి చేరింది. అంతే తేడా. 2013 నుంచి ఐదేళ్ళలో వంద మందికి పైగా ఎయిడ్ వర్కర్లు పోయారు, ఎక్కువమంది ఆ దేశం పిల్లలే, వాళ్ళ పేర్లు ఏ పేపర్లోనూ రాలా.

సూటిగా_చెప్తా:
రాజు గారూ, మీరు చెప్పిన దాంతో నాకు పేచీ లేదు. నా కోపమంతా న్యూయార్క్‌లో సెక్యూరిటీ కౌన్సిల్‌లో కూర్చుని ఓట్లకి చేతులెత్తేవాళ్ళ మీద.

మాజీ_ఫౌజీ:
మలకాల్ గురించి అన్నది కాదనను. కాల్చాలా వద్దా అని పైకి అడిగి జవాబొచ్చేలోపు పొద్దు వాలేది, అది మాకూ కడుపులో మంటే. 2014 మేలో మొదటి పని జనాన్ని కాపాడటమే అని మ్యాండేట్ (అంటే మిషన్‌కిచ్చిన ఉత్తర్వు) మార్చారు గానీ కాగితం మారినంత తొందరగా అలవాట్లు మారలా.

ఒంగోలు_కుర్రోడు:
అందరికీ థాంక్సండీ, ఇన్ని సంగతులు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకలా. ఇంకో చిన్న డౌట్. ఆ ఫొటోల్లో ఒకదాంట్లో బాబాయి ఒక ఆవు మూతి పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆ కొమ్ములు చూస్తే మన గిత్తలు దిగదుడుపే, మనిషి చెయ్యంత పొడుగు. పక్కన యూనిఫాంలో ఒకాయన సిరంజితో ఉన్నాడు. సరదాకి దిగారేమో అనుకున్నా.

మాజీ_ఫౌజీ:
సరదా కాదు తమ్ముడూ. మలకాల్ అయ్యుంటుంది, మన సైనిక బృందంతో పశువుల డాక్టర్లు కూడా వెళ్తారు. అక్కడ పెళ్ళికి కన్యాశుల్కం ఆవులే, పగ తీర్చుకున్నా రాజీ పడినా ఆవులే లెక్క. ఆవుకి వైద్యం చేస్తే ఆ ఊరివాళ్ళు నీతో మాట్లాడతారు, ఎవరెక్కడ కాపు కాస్తున్నారో కూడా చెప్తారు. మూతి పట్టుకునేవాడికి పశువులతో అలవాటుండాలి, ఒంగోలు వైపు మనిషి కదా, ఆయన్నే పిలిచుంటారు. ఫొటో వెనక తేదీ ఏమైనా రాసుందేమో చూడు.