సిలువ మోయడమంటే దెబ్బలు భరించడమేనా?

ఖమ్మం అక్క

అందరికీ వందనాలు. ఈస్టర్ ముందు వచ్చే శ్రమల దినాలు నడుస్తున్నాయి. ప్రతి శుక్రవారం మీటింగులో "నీ సిలువ నువ్వు మోయాలి" అనే మాట వింటున్నాను. విన్నప్పుడల్లా నాకు మా బాబాయి కూతురి చెయ్యి గుర్తొస్తోంది.

కిందటి మే నెలలో ఒక ఆదివారం అది పొడుగు చేతుల జాకెట్టు వేసుకొని ఆరాధనకు వచ్చింది. బయట ఎండ మండిపోతోంది. ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట కారిపోతోంది, అయినా చెయ్యి పైకి లాగదు. ఆరాధన అయ్యాక బోరింగు దగ్గర చేతులు కడుక్కుంటుంటే చూశాను. మణికట్టు పైన అట్లకాడ కాల్చి పెట్టిన వాత. అంచులు నల్లబడ్డాయి, మధ్యలో ఇంకా పచ్చిగానే ఉంది. పెళ్ళయి ఆరేళ్ళు. ఇది మొదటిసారి కాదట.

అప్పటికే అది సంఘ పెద్దకి చెప్పుకుంది. భార్యలు భర్తలకు లోబడి ఉండాలన్న 1 పేతురు 3:1 చదివి ఆయన, "నీ ఓర్పు చూసి అతను మారతాడు, ఇది నీ సిలువ అమ్మా" అని ప్రార్థన చేసి పంపించారు. ఏ సంఘమో రాయను, అడగొద్దు.

లూకా 9:23లో "ప్రతిదినము తన సిలువను ఎత్తికొని" అని ఉంది. ఎత్తుకోవడం వేరు, ఇంకొకడు తెచ్చి నెత్తిన పడెయ్యడం వేరు. ప్రభువు కూడా "ఎవడును నా ప్రాణము తీసికొనడు, నా అంతట నేనే దాని పెట్టుచున్నాను" అన్నాడు కదా (యోహాను 10:18). తాగొచ్చి కాల్చే మొగుడు సిలువ ఎలా అవుతాడు? నాకు తెలిసినంతలో అది ఆ బోధకే అవమానం. మీరేమంటారు?

విశ్రాంత ఉపదేశి

అమ్మా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. వాత పెట్టినవాడిది పాపం, అందులో రెండో మాట లేదు. ఆ పెద్ద భర్తని పిలిచి గద్దించి ఉండాల్సింది.

కానీ మీరు చెప్పిన కొలతతో నాకు భయం ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళు పల్లెల్లో ఉపదేశిగా తిరిగాను. ఈ రోజుల్లో కొంచెం ఇబ్బంది వస్తే చాలు, "ఇది నా సిలువ కాదు" అనేస్తున్నారు. అత్త మాట పడదు, పేద సంఘంలో ఉండలేరు, మంచం పట్టిన తండ్రిని చూడలేరు. మనం ఎంచుకున్నదే సిలువైతే, అందరూ తేలికైనదే ఎంచుకుంటారు.

పేతురు ఆ మాటలు ఎవరికి రాశాడో చూడండి. 2:18 నుంచి ఇళ్ళల్లో పనిచేసే దాసులతో మాట్లాడుతున్నాడు, ముష్కరులైన యజమానుల కింద ఉన్నవాళ్ళతో. వాళ్ళు ఆ బతుకు ఎంచుకోలేదు. అయినా "క్రీస్తు కూడ మీకొరకు బాధపడి" మాదిరి ఉంచిపోయాడని వాళ్ళకే చెప్పాడు. ఎంచుకోని బాధకి కూడా అర్థం ఉందనేగా?

మా అమ్మ మా నాన్న తాగుడుని పంతొమ్మిదేళ్ళు భరించింది. ఆఖరికి ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. నేను పరిచర్యలోకి వచ్చింది ఆమె కన్నీళ్ళ వల్లనే. ఆ ఓర్పు వృథా అని నా ఎదుట ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

ఒంగోలు లా స్టూడెంట్

తాతగారూ, గౌరవంతోనే ఒక మాట. పేతురు రాసిన ఆ దాసులకి వెళ్ళడానికి కోర్టు లేదు. రోమా పౌరుడిగా హక్కు ఉన్న పౌలు ఏం చేశాడు? కొరడాలతో కొట్టబోతుంటే నేను రోమీయుణ్ణి అని చెప్పి ఆపించాడు (అపొస్తలుల కార్యములు 22:25). ఫిలిప్పీలో కొట్టి జైల్లో పెట్టి, తర్వాత గుట్టుగా వెళ్ళిపొమ్మంటే ఒప్పుకోలేదు, అధికారులే వచ్చి తీసుకెళ్ళాలన్నాడు. దమస్కులో గంపలో కూర్చొని గోడ దిగి తప్పించుకున్నాడు. "మరియొక పట్టణమునకు పారిపోవుడి" అన్నది సాక్షాత్తు ప్రభువే (మత్తయి 10:23). ప్రధాన యాజకుడి ఇంట్లో బంట్రౌతు చెంప మీద కొడితే ఆయన మౌనంగా ఊరుకోలేదు కూడా, "నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు.

"భరించు" అనే మాట బోధలోనే కాదు, చట్టంలోనూ ఉండేది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకి భార్య వ్యభిచారం ఒక్కటి రుజువైతే చాలు. భార్యకి క్రూరత్వం ఒక్కటే సరిపోదు, దానితోపాటు వ్యభిచారం కూడా రుజువు చేయాలి. అంటే ఎన్ని వాతలున్నా చాలవు. 2001లో సవరణ వచ్చేదాకా 132 ఏళ్ళు ఇదే. అన్నేళ్ళు మన ఆడవాళ్ళకి సంఘమూ కోర్టూ ఒకే మాట చెప్పాయి.

మా ఊరి చరిత్రే ఇంకోటి చెప్తాను. 1876-78 కరువులో జనం ఆకలికి రోడ్ల మీద పడిపోతుంటే, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ "ఇది మీ సిలువ, ఓర్చుకోండి" అనలేదు. బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకొని పని చూపించి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాధలో ఉన్నవాళ్ళకి ముందు అందింది పలుగూ పారా, కూలీ. మా ముత్తాతల విశ్వాసం అక్కడే మొదలైంది.

గుణదల నర్సు

నేను కథోలిక విశ్వాసిని. డయాలసిస్ వార్డులో పనిచేస్తాను. అక్కా, మీ చెల్లి విషయంలో మీరే కరెక్ట్. కానీ "ఎత్తుకుంటేనే సిలువ" అనే మాట దగ్గర నేనూ ఆగాను.

మా వార్డుకి ఒక పెద్దావిడ వారానికి మూడుసార్లు వస్తుంది. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. సూదులు గుచ్చిన ఎడమ చెయ్యి దిండు మీద పెట్టి, కుడి చేత్తో జపమాల తిప్పుతుంది. మిషన్ ఆన్ చేయగానే "ఈ గంట మా చిన్నోడి పరీక్షకమ్మా" అంటుంది. రెండో గంట ఇంకెవరికో. ఒకసారి నా పేరు చెప్పింది. ఆ రోజు డ్యూటీ అయిపోయాక మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ఈ జబ్బుని ఆవిడ ఎంచుకుందా? లేదు. మరి ఆవిడ చేసేది ఏమిటి? పౌలు "మీకొరకు నేను అనుభవించుచున్న శ్రమలయందు సంతోషించుచు" అన్నది (కొలొస్స 1:24) నాకు అర్థమైంది ఆవిడ మంచం పక్కనే.

అలాగని ఆవిడ డయాలసిస్ మానేయలేదు. మేం మానెయ్యమని చెప్పం. రెండో జాన్ పాల్ పోపుగారు 1984లో బాధ గురించే ఒక లేఖ రాశారు. అది మంచి సమరయుడి ఉపమానం మీదికి వస్తుంది. బాధపడేవాడు తన బాధని సమర్పించాలి, చూసినవాడు దిగి కట్టు కట్టాలి. రెండో సగం వదిలేసి మొదటి సగమే బోధిస్తే అది ఆ ఉపమానంలో గాయపడినవాణ్ణి చూసి పక్కనుంచి వెళ్ళిపోయిన లేవీయుడి బోధ అవుతుంది. ప్రభువు సిలువ మోసిన దారిని ఒక్కో స్థలంగా ధ్యానించే సిలువ మార్గంలో ఐదో స్థలం దగ్గర మేం ఏం ధ్యానిస్తామో తెలుసు కదా. ప్రభువే తన సిలువని ఒక్కడే మోయలేకపోయాడు, కురేనీయుడైన సీమోను వచ్చి పట్టాడు.

ఇంకో మాట, ఇది నర్సుగా: ఇలాంటి కాలిన గాయంతో ఎవరైనా వస్తే ఆసుపత్రిలో "పొయ్యి దగ్గర కాలింది" అని రాయించొద్దు. జరిగింది చెప్పి ఎమ్మెల్సీ (పోలీసు కేసుకి పనికొచ్చేలా ఆసుపత్రి రాసే గాయాల రికార్డు) చేయించండి. ఫొటోలు తీసి పెట్టుకోండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు.

విశ్రాంత ఉపదేశి

సిస్టర్ సీమోనుని తెచ్చారు కాబట్టి అడుగుతాను. సీమోను తనంతట తానే ముందుకొచ్చాడా? పొలం నుంచి వస్తున్నవాణ్ణి సైనికులు పట్టుకొని బలవంతం చేశారని ఉంది. అంటే నెత్తిన పెట్టిందే. అయినా సువార్తలో అతని పేరు, మార్కు సువార్తలో అతని కొడుకుల పేర్లు కూడా నిలిచాయి. ఖమ్మం అమ్మాయి కొలతకి సీమోను ఎక్కడ సరిపోతాడు?

తణుకు టీచర్

నేను మామూలుగా చదివి వెళ్ళిపోతాను. ఈసారి రాస్తున్నాను.

మా వారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు. రాత్రి రెండింటికి లేచి ఒత్తిగిల్లించాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. ఇది నేను ఇష్టంతోనే చేస్తున్నాను. ఆయన మంచివాడు. కొన్ని రాత్రులు మాత్రం ఇష్టం ఉండదు. అలారం మోగితే దేవుడి మీద కోపం వస్తుంది. లేచి పని చేస్తాను, ప్రార్థన చెయ్యను.

సంఘంలో అందరూ "మీరు గొప్ప సిలువ మోస్తున్నారు టీచరుగారూ" అంటారు. సాక్ష్యం చెప్పమంటారు. కానీ ఆ పేరు పెట్టేశాక ఎవరూ చెయ్యి వెయ్యలేదు. నాది కదా, నేనే మొయ్యాలి కదా! ఒక్క ముసలావిడ మాత్రం గురువారం వస్తుంది. చదువు లేదు, వాక్యం ఏమీ చెప్పదు. ఆయన పక్కన కూర్చొని తమలపాకు నములుతూ ఉంటుంది. ఆ రెండు గంటల్లో నేను కూరగాయలు తెచ్చుకుంటాను. మొన్న గురువారం మార్కెట్లో కూరగాయలు కొనకుండా ఊరికే నిలబడి టీ తాగాను. ఎన్నాళ్ళయిందో అలా.

"ఒకని భారముల నొకడు" భరించమన్న మాట నాకు ఆ గురువారమే.

ఖమ్మం అక్క

అందరి మాటలూ రెండు రోజులు చదువుకున్నాను. ఉపదేశిగారూ, మీరు అడిగిన సీమోను ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. ఒప్పుకుంటున్నాను, ఎంచుకున్నామా లేదా అన్న ఒక్క కొలతే చాలదు. పెద్దావిడ జబ్బూ ఎంచుకోలేదు, టీచరుగారు కొన్ని రాత్రులు ఎంచుకోవడం లేదు.

ఇప్పుడు నేను అడిగేది ఇంకోటి: ఆ బాధ ఎవరి మేలు కోసం? సీమోను భుజం పెడితే కింద పడిపోయే మనిషికి కాస్త ఊపిరి ఆడింది. పెద్దావిడ గంట వాళ్ళ చిన్నోడి కోసం. టీచరుగారు లేస్తే ఆయన వీపు పుండు పడదు. పౌలు "మీకొరకు" అన్నాడు. మా చెల్లి చేతి మీది వాత ఎవరి మేలు కోసం? అది ఓర్చుకున్నకొద్దీ అతనికి చెయ్యి అలవాటైంది. మొదట చెంపదెబ్బ, తర్వాత బెల్టు, ఇప్పుడు అట్లకాడ. దాని ఓర్పు అతన్ని రక్షణకి దగ్గర చేయలేదు, పాపంలో ఇంకా లోతుకి దించింది. నాలుగేళ్ళ పిల్లాడు అట్లకాడ చప్పుడు వింటే మంచం కిందకి దూరుతున్నాడు. ఆ పిల్లాడి మేలు ఎవరు చూడాలి?

మీ అమ్మగారి కన్నీళ్ళని నేను తక్కువ చేయను. చేసే అర్హత నాకు లేదు. ఒక్కటే అడుగుతాను, కోపగించుకోకండి. ఆ పంతొమ్మిదేళ్ళూ రాత్రిపూట మీరు పిల్లలు ఎక్కడ పడుకునేవారు?

విశ్రాంత ఉపదేశి

నిన్న నీ ప్రశ్న చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. ఈ రోజు రాస్తున్నాను.

మా మేనమామ ఇంట్లో. పొద్దుగూకగానే అమ్మ మాకు అన్నం పెట్టి, చెల్లిని నా చంక కెక్కించి, కాలవ గట్టు మీదుగా మావయ్య ఇంటికి పంపేసేది. మావయ్య అరుగు మీద లాంతరు పెట్టుకొని మా కోసం చూస్తూ ఉండేవాడు. తెల్లారాక తిరిగి వచ్చేవాళ్ళం. నా సాక్ష్యం వందలసార్లు చెప్పాను. అమ్మ ఓర్పు చెప్పాను, నాన్న మారుమనస్సు చెప్పాను. ఆ లాంతరు సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పకూడదని కాదు, అది సాక్ష్యంలో భాగమని నాకెప్పుడూ తోచలేదు. మావయ్య లేకపోతే మేం ఏమయ్యేవాళ్ళమో తెలియదు.

ఓర్పుకి శక్తి ఉందని ఇప్పటికీ నమ్ముతున్నాను, అది వదలను. కానీ ఆ పెద్ద నీ చెల్లికి అమ్మ ఓర్పు మాత్రమే చెప్పాడు, మావయ్య అరుగు చూపించలేదు. నేనూ ఎన్ని ఊళ్ళల్లో అలాగే చెప్పి వచ్చానో.

అమ్మాయి ఇప్పుడు ఎక్కడుంది? పిల్లాడు దాని దగ్గరే ఉన్నాడా? ఆ సంఘ పెద్ద ఫోన్ నంబరు నాకు విడిగా పంపించు తల్లీ. నేను మాట్లాడతాను.