మోహో లోతు 60 కి.మీ. దగ్గరే ఆగిపోతోంది, ఎవరైనా చూడండి

ప్రశ్న: పొద్దున్నుంచి ఇదే పని: మోహో, అంటే భూమి లోపల భూకంప తరంగాల వేగం ఒక్కసారిగా పెరిగే సరిహద్దు, ఎంత లోతులో ఉందో తేల్చడం. దక్షిణ టిబెట్‌లోని ఒక స్టేషన్ రికార్డులకు రిసీవర్ ఫంక్షన్లు (స్టేషన్ కింది పొరల దగ్గర పుట్టిన తరంగాలను విడదీసి చూపే గీతలు) తీసి హెచ్-కప్పా స్టాకింగ్ (లోతు, పి-ఎస్ వేగాల నిష్పత్తి రెండూ కలిపి వెతికే పద్ధతి) చేస్తున్నాను. పిఎస్ (మోహో దగ్గర పి నుంచి ఎస్‌గా మారిన తరంగం) పి వచ్చాక 8.7 సెకన్ల దగ్గర చక్కగా కనిపిస్తోంది. కానీ ఏ భూకంపాలు కలిపినా, ఫిల్టర్ మార్చినా లోతు సరిగ్గా 60 కి.మీ., పి-ఎస్ వేగాల నిష్పత్తి 1.88. అక్కడ భూపటలం (పై పొర) మందం 70 కి.మీ. దాకా ఉంటుందని అందరూ రాశారు కదా! 1.88 అంటే కింద రాయి కొంత కరిగి ఉందనుకోవాలా? రేపు గైడ్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు కొండల వేరు సంగతి చూడండి. 1855లో ప్రాట్ లెక్క ప్రకారం హిమాలయాలు గుండు కట్టిన దారాన్ని దాదాపు 16 ఆర్క్ సెకన్లు లాగాలి, సర్వేలో తేలిన తేడా 5 చిల్లరే. కొండ కింద తేలికైన వేరు లోతుగా దిగి ఉంటుందని ఎయిరీ చెప్పిందీ ఆ ఏడాదే. గురుత్వం వదిలేసి తరంగాలనొక్కటే పట్టుకుంటే ఇలాగే చిక్కుపడతారు.

జవాబు 2: ప్రోగ్రామ్‌లో లోతు వెతికే హద్దులెంత? రికార్డు ఎన్ని సెకన్లకు కోశారు?

అడిగినవారు: 20 నుంచి 60 కి.మీ. ప్రోగ్రామ్‌తో వచ్చినవే, నేను ముట్టుకోలేదు. పి తర్వాత 25 సెకన్లు ఉంచాను.

జవాబు 2: అదే మరి. 60 మీ హద్దు. పి వేగం సెకనుకు 6.3 కి.మీ. తీసుకుంటే 72 కి.మీ. లోతుకి 1.73 నిష్పత్తి పెట్టినా, 60కి 1.88 పెట్టినా పిఎస్ 8.7కే వస్తుంది, ఆ ఒక్కదానితో రెండూ తేలవు. తేల్చేవి నేలకీ మోహోకీ మధ్య కొట్టుకుని ఆలస్యంగా వచ్చే తరంగాలు. 35 కి.మీ. పటలమైతే మొదటిది 14-15 సెకన్లకు వస్తుంది, 72 అయితే 30కి. మీరు 25కే కోసేశారు.

జవాబు 3: దయచేసి మోహోని పటలం అడుగు అనుకోకండి. అక్కడ పటలం కింది భాగం ఎక్లోగైట్‌గా (ఒత్తిడికి బాగా బరువెక్కిన రాయిగా) మారి ఉంటే దానిలో తరంగాల వేగం ప్రావారానికి (పటలం కింది పొర, మాంటిల్‌కి) దగ్గరగా ఉంటుంది, అప్పుడు మీకు కనిపించే గీత ఒకచోట, అసలు రాయి మారేది ఇంకోచోట.

జవాబు 1: 1909లో మొహొరోవిచిచ్ పట్టుకున్నది వేగం మార్పునే, పేరు దానికే. రాయిని మధ్యలోకి తేవడమెందుకండీ?

జవాబు 3: నేనన్నదీ అదే, రెండిటికీ ఒకే మాట వాడొద్దని.

అడిగినవారు: హద్దు 90కి, రికార్డు 50 సెకన్లకు పెంచాను. 30 సెకన్ల దగ్గర చిన్నదే అయినా శిఖరం ఉంది. లోతు 72 కి.మీ., నిష్పత్తి 1.73 వచ్చాయి. థాంక్స్ అన్నా.

జవాబు 2: అన్ని దిక్కుల భూకంపాలూ కలిపే చేశారా? మోహో వాలి ఉంటే దిక్కుని బట్టి పిఎస్ సమయం మారుతుంది. విడివిడిగా వేసి చూశారా?