అప్‌డేట్: మా గల్లీల డెంగీ, ఫాగింగ్‌కు ఎవ్వరూ రావట్లేదన్న పోస్టు
పోయిన నెల అడిగిన కదా, హైదరాబాద్‌ల మా గల్లీల నాలుగిళ్ళల్ల డెంగీ వచ్చింది, ఫాగింగ్ కోసం ఎన్ని ఫోన్లు చేసినా ఎవ్వరూ రావట్లేదని. రిప్లై ఇచ్చినోళ్ళందరికీ థాంక్స్. పని చేసింది మాత్రం ఒకన్న చెప్పిన ముచ్చట: ఉత్త కంప్లైంట్ కాదు, ఎలైజా (డెంగీని తేల్చే రక్తపరీక్ష) పాజిటివ్ రిపోర్టుల జిరాక్సులు పట్టుకొని వార్డు ఆఫీసుకు పో అని. పోయిన, మూడో రోజే ఎంటమాలజీ (దోమల నివారణ విభాగం) వాళ్ళొచ్చిండ్రు.

వచ్చి ఫాగింగ్ మిషన్ తీయలే, ముందు ఇండ్లల్ల నీళ్ళు చూసుడు పెట్టిండ్రు, నాకైతే మస్తు కోపమొచ్చింది. కానీ లార్వా (దోమ పిల్లపురుగులు) దొరికింది మేమందరం తిట్టుకున్న నాలాల కాదు, పని ఆగిపోయిన అపార్ట్‌మెంట్ సెల్లార్ నీళ్ళల్ల, ఇంకా (సిగ్గుతోనే చెప్తున్న) మా డాబా మీది పాత కూలర్ల. ఈ డెంగీ దోమ మురికిల కాదు, నిలవున్న మంచినీళ్ళల్లనే గుడ్లు పెడ్తదట, వారం పది రోజులల్ల దోమై ఎగురుతది, ఫాగింగ్ ఎగిరేటియాటినే చంపుతది, లార్వాకు ఏం కాదు. సెల్లార్ నీళ్ళు మోటార్‌తో తోడించి, మిగిలినదాంట్ల టెమిఫాస్ (లార్వాను చంపే మందు) కొట్టి, ఓనర్‌కు నోటీసిచ్చిండ్రు. ఫాగింగ్ కూడా చేసిండ్రు, ఆఖరికి.

ఉత్త రాత్రి కాయిల్స్ పెడ్తే సాలదు, ఈ దోమ ఎక్కువగా పగలే కుడ్తది. బొప్పాయాకు రసంతో కూడా మాకేం ఫరక్ కనపడలే.

మూడు వారాలైంది, కొత్త కేసు లేదు. శుక్రవారం శుక్రవారం డ్రమ్ములు, కుండీల ప్లేట్లు ఖాళీ చేస్తున్నం. కూలర్ పాతసామాన్లాయనకు ఇచ్చేసిన.