ప్రైమర్ కొట్టగానే హల్ (పడవ బాడీ) మీద గీతలన్నీ బయటపడ్డాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
రెండు నెలలుగా 70 సెం.మీ. పడవ మోడల్ కడుతున్నాను. ఫ్రేముల మీద బాల్సా (తేలికైన మెత్తటి చెక్క) పట్టీలు అతికించి, పుట్టీ పెట్టి, 240 నంబర్ శాండ్‌పేపర్‌తో రుద్దాను. చేత్తో తడిమితే గాజులా ఉంది. నిన్న గ్రే ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) కొట్టానో లేదో, పట్టీల మధ్య సన్నని గట్లు, ముక్కు దగ్గర రెండు గుంటలు, అక్కడక్కడా సూదిమొనంత చిల్లులు తేలాయి. దీని మీద నిగనిగలాడే ముదురు నీలం వేయాలని నా ఆశ. ఇంకో రెండు కోట్లు ప్రైమర్ వేస్తే కప్పుకుపోతాయా, మొత్తం గీకేయాలా?

జవాబు 1:
కోట్లు పెంచకండి. గట్టు మీద ఎంత పడుతుందో పక్కనా అంతే పడుతుంది. పైగా ముదురు నీలం ఏ లోపాన్నీ దాచదు.

జవాబు 2:
గీకొద్దండీ. తప్పులు చూపించడం ప్రైమర్ పనే. పట్టీలు సూపర్ గ్లూతో అతికించారా? అది ఎండితే బాల్సా కంటే చాలా గట్టిగా ఉంటుంది. పేపర్‌ను వేళ్లతో పట్టుకుని రుద్దితే మెత్తటి చెక్క అరిగిపోయి, జిగురు గీత నిలబడుతుంది. నా మొదటి హల్‌ను వారం రోజులు అలాగే రుద్దాను. రుద్దేకొద్దీ గట్లు పెరిగాయి. ఏడుపొచ్చింది.

నల్ల మ్యాట్ స్ప్రేను అడుగు దూరం నుంచి, దుమ్ము చల్లినట్టు పలచగా కొట్టండి. ఆరాక 320 పేపర్‌ను వంగే ప్లాస్టిక్ బద్దకు అంటించి, హల్ మీద ఏటవాలుగా ఒకసారి ఇటు, ఒకసారి అటు రుద్దండి. నలుపు ముందుగా పోయిన చోట మిట్ట, చివరిదాకా మిగిలిన చోట గుంట. గుంటలో పుట్టీ పలచగా రెండు దఫాలు పెట్టండి, ఒకేసారి మందంగా పెడితే ఆరాక కుంగుతుంది. చిల్లుల్లోకి ప్లాస్టిక్ కార్డు అంచుతో అదమండి. తర్వాత గదిలో లైటు ఆర్పి, టార్చిని హల్ పక్కగా ఆనించి చూడండి. పగలు కనబడనివన్నీ నీడలుగా లేస్తాయి.

చెక్క బయటికి కనిపిస్తున్నంత వరకూ నీళ్లు తగలనీయకండి, పీచు లేస్తుంది. అంతా ప్రైమర్ కిందికి వెళ్లాకే 400, ఆపై 600 వాటర్ పేపర్‌ను నీళ్లలో ముంచి రుద్దండి. నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే పేపర్ పట్టేయదు. మాస్క్ మాత్రం మర్చిపోకండి.

జవాబు 3:
తర్వాతి హల్‌కు ప్రైమర్ కంటే ముందే పలచటి గ్లాస్ క్లాత్ (గాజు పీచు గుడ్డ), ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) వేయండి, బాల్సాకు గట్టి పెంకు వస్తుంది. కొన్ని ఎపాక్సీలు గట్టిపడ్డాక పైన జిడ్డు పొర తేలుతుంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగాకే రుద్దాలి, లేకపోతే పైన రంగు నిలవదు.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, సూపర్ గ్లూనే. నల్ల స్ప్రే కొట్టి రుద్దాను. నేను రెండనుకున్న గుంటలు ఐదు తేలాయి, అందులో ఒకటి అరచేయంత ఉంది. వేళ్లకు అది ఒక్కసారి కూడా తెలియలేదు! పుట్టీ మొదటి దఫా పెట్టాను, రేపు రెండోది. టార్చి పక్కనే పెట్టుకున్నాను.