ఏ జబ్బూ లేని ఆడవాళ్లు రొమ్ములోంచి ముక్క తీయించుకుని పరిశోధనకు ఇవ్వాలా?

హన్మకొండ బయోటెక్ (చర్చ మొదలుపెట్టినవారు):
అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 2007 నుంచి సూసన్ జి. కోమెన్ పేరుతో ఒక టిష్యూ బ్యాంక్ (పరిశోధన కోసం శరీర కణజాలాన్ని దాచిపెట్టే చోటు) నడుస్తోంది. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్లే వచ్చి రొమ్ములోంచి చిన్న ముక్క ఇచ్చి వెళ్తారు. రొమ్ము క్యాన్సర్ గడ్డలు ల్యాబుల్లో ఎన్నో ఉన్నాయి, జబ్బు రాని రొమ్ము నమూనాలకే కరువు. గడ్డ పక్కనున్న భాగాన్ని నార్మల్ అనుకుని పోల్చేవారు, కానీ అందులోనూ అప్పటికే మార్పులు మొదలై ఉండొచ్చు. పైగా మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే సుమారు పదేళ్ల ముందు వయసులోనే బయటపడుతోంది. 2022లో ఇక్కడ కొత్త కేసులు 1.92 లక్షలని ప్రపంచ క్యాన్సర్ లెక్కలు చెప్పే గ్లోబోకాన్ అంచనా. అక్కడి ఆడవాళ్ల నమూనాలతో మన జబ్బు ఎంతవరకు అర్థమవుతుంది? వరంగల్‌లో అలాంటిది పెడితే మీరు ఇస్తారా?

కాజీపేట జంక్షన్:
చెల్లే, 30 దాటిన ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి రొమ్ము పరీక్ష చేయాలని కేంద్రం 2016లోనే చెప్పింది. మా వాడలో ఒక్కరికన్నా చేశారా? ఉన్న గడ్డను చూసే దిక్కు లేదు, లేని గడ్డ కోసం సూది పొడిపించుకోవాలా?

ల్యాబ్ డ్యూటీ:
ఆ కోపం సరే గానీ, రెండూ కావాలి. సూది సంగతి నేను చెప్తా. ముందు మత్తు ఇంజెక్షన్, తర్వాత చిన్న గాటు. ముక్క తీసే సూది పరికరం, బయాప్సీ గన్, టక్కుమంటుంది, అందరూ ఉలిక్కిపడేది ఆ చప్పుడుకే. వచ్చేది సేమ్యా పుల్లంత ముక్క, అలాంటివి కొన్ని తీస్తారు. తీసిన నిమిషాల్లోనే బాగా చల్లబరిచి గడ్డకట్టించాలి, ఆలస్యమైతే కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చెప్పే ఆర్‌ఎన్‌ఏ పాడవుతుంది. ఇచ్చినవాళ్లకు కొన్నాళ్లు కమిలిన మచ్చ, కొంచెం నొప్పి. సూది గుచ్చితే క్యాన్సర్ వస్తుందనేది ఉత్త భయం. నెలసరి తేదీ, కాన్పులు, పాలిచ్చిన కాలం కూడా అడిగి రాసుకోవాలి. ఎందుకంటే వాటిని బట్టి రొమ్ము కణాలు మారుతుంటాయి.

ఏటూరునాగారం టీచర్:
నా టెన్షన్ సూది గురించి కాదు, సంతకం గురించి. 2009లో మన పక్క ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా అధ్యయనం జరిగింది. హాస్టల్ ఆడపిల్లల తరఫున చాలా పత్రాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం లేదని విచారణలో తేల్చారు, ఒప్పుకుంటా. కానీ అమ్మానాన్నలను అడగకపోవడం మాటేమిటి? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. రేపు నమూనాల కోసం మా గూడేలకు వ్యాన్ వస్తే "సార్ చెప్పిండు" అని వరుసలో నిలబడతారు. దాన్ని దానం అందామా?

హన్మకొండ బయోటెక్:
టీచర్ గారూ, ఆ భయం న్యాయమైనదే. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో హెన్రియెటా లాక్స్ అనే క్యాన్సర్ రోగి కణాలను ఆమెకు చెప్పకుండానే పరిశోధనకు వాడుకున్నారు. ఆ కణాలతో వ్యాపారం చేసిన ఒక కంపెనీ ఆమె కుటుంబంతో రాజీకొచ్చింది 2023లో! అయితే మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం నమూనా ఇచ్చినవారిదే, వెనక్కి తీసుకునే హక్కూ ఉంది.

కాజీపేట జంక్షన్:
కాగితం మీద మనకు లేని హక్కు ఏముంది?

జనగామ కోడలు:
ఎవరూ అనని మాట నేనంటా. పెళ్లికాని పిల్ల క్యాన్సర్ వార్డు మెట్లెక్కితే చాలు, సంబంధం మాట్లాడేవాళ్లు ఆరా తీస్తారు. పేరు బయటకు పొక్కదని ఎవరు పూచీ? అందుకే ముందు పాలతో మొదలుపెట్టండి. తల్లిపాలలో రొమ్ము కణాలు వస్తాయి కదా, దానికి సూదీ అక్కర్లేదు, గాటూ అక్కర్లేదు.

ల్యాబ్ డ్యూటీ:
మంచి మాటే అక్కా. కానీ పాలిచ్చే రొమ్ము వేరు, మామూలు రొమ్ము వేరు. కాన్పే కానివాళ్ల సంగతి, ముట్లుడిగినవాళ్ల సంగతి పాలతో తెలియదు.

ఏటూరునాగారం టీచర్:
ఫారం తెలుగులో, కోయలో చదివి వినిపించాలి. ఇంటికెళ్లి ఆలోచించుకోవడానికి వారం గడువివ్వాలి. వద్దనుకుంటే ఫోన్ చేయడానికి నంబర్ ఉండాలి. ఈ మూడూ ఉంటే మొదటి పేరు నాదే రాసుకోండి.

జనగామ కోడలు:
నేను మాత్రం ఇవ్వను. రక్తం కావాలంటే రేపే వస్తా.