వెరోనాలో బస చేయాలా, గార్దా సరస్సు ఒడ్డునా?

బాటసారి:
జూలైలో అమ్మానాన్నలతో కలిసి ఇటలీలోని వెరోనా, గార్దా సరస్సు ప్రాంతాలను ఐదు రోజుల్లో చూడాలనుకుంటున్నాము. అమ్మకు మోకాళ్ల నొప్పులున్నాయి, ఇద్దరూ శాకాహారులు. సరస్సు దక్షిణపు ఒడ్డునున్న సిర్మియోనెలో గది తీసుకుని రోజూ అక్కడి నుంచి తిరగడం మంచిదా, లేక వెరోనాలోనే ఉండడం మంచిదా? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

కృష్ణాతీరం:
వెరోనాలోనే ఉండండి. సిర్మియోనెకు రైలు స్టేషను లేదు. దగ్గరి ఊళ్లైన దెజెంజానోలోనో పెస్కియెరాలోనో దిగి బస్సు గాని పడవ గాని పట్టుకోవాలి. అంతకన్నా ముఖ్యమైన కారణం అరేనా. క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన ఆ రోమన్ రంగస్థలం 1117 నాటి భూకంపంలో బయటి వలయాన్ని దాదాపు పూర్తిగా పోగొట్టుకుంది, మిగిలిన నాలుగు తోరణాలే ఇప్పుడు ఒక పక్కన నిలిచి కనిపిస్తాయి. అయినా 1913 నుంచి వేసవిలో అక్కడ ఒపేరాలు జరుగుతున్నాయి. ప్రదర్శన చీకటి పడే వేళకు మొదలై అర్ధరాత్రి దాటేదాకా సాగుతుంది కనుక ఆ తర్వాత సరస్సు ఒడ్డుకు తిరిగి చేరడం పెద్ద ప్రయాస. పై వరుసల రాతి మెట్లు ఎత్తుగా ఉంటాయి, పగటి ఎండకు కాగి రాత్రి కూడా వేడిగానే ఉంటాయి. అమ్మగారి కోసం కింద కుర్చీలున్న టిక్కెట్లే తీసుకోండి. షేక్‌స్పియర్ నాటకంలోని జూలియెట్‌దని చూపించే ఇంటి దగ్గర మాత్రం ఎక్కువసేపు నిలబడకండి, ఆ బాల్కనీని 20వ శతాబ్దంలోనే అమర్చారు.

గోదారిగట్టు (మ్యూనిక్):
మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా వెరోనాకు నేరుగా రైలుంది, మేము అలాగే రెండుసార్లు వెళ్లాము. బస విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను గాని, సరస్సును సిర్మియోనెతోనే సరిపెట్టుకోవద్దని నా మనవి. తూర్పు ఒడ్డున ఉత్తరాన ఉన్న మాల్చేజినెకు ఒక రోజు పూర్తిగా కేటాయించండి. అక్కడి నుంచి మోంతె బాల్దో పర్వతం మీదికి కేబుల్ కారు రెండు అంచెల్లో వెళుతుంది; రెండో అంచెలో పెట్టె తనచుట్టూ తాను తిరుగుతూ పైకి లేస్తుంది, దిగేచోటు సుమారు 1,760 మీటర్ల ఎత్తున ఉంటుంది. జూలైలోనూ శాలువా అవసరమవుతుంది. ఈ సరస్సు మీద తెల్లవారుజామున ఉత్తరపు గాలి, మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి వీస్తాయి. 1786లో జర్మన్ కవి గ్యోతె పడవ ఎదురుగాలికి ముందుకు సాగలేక మాల్చేజినెలోనే ఆగింది. అక్కడి పాడుబడిన కోట బొమ్మ గీస్తున్న ఆయనను ఊరివాళ్లు గూఢచారి అనుకుని నిలదీశారు. ఇప్పుడు ఆ కోటలోనే ఆయన పేరిట ఒక గది ఉంది! ఇక పడవల సంగతి: సరస్సు చాలా పెద్దది, మామూలు పడవలో దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొసకు నాలుగు గంటలకు పైగా పడుతుంది. అందుచేత పక్కపక్క ఊళ్ల మధ్యనే పడవ ఎక్కండి.

ఓరుగల్లు వాసి:
భోజనం విషయంలో జాగ్రత్త అవసరం. వెరోనాలో గుర్రపు మాంసంతో చేసే కూర పేరుమోసిన వంటకం. వంటకాల పట్టికలో "కవాల్లో" అన్న మాట కనిపిస్తే అదే. రిసోట్టో అనే అన్నపు వంటకాన్ని చాలాచోట్ల మాంసపు రసంలో ఉడికిస్తారు కనుక అడగకుండా తినవద్దు. గుమ్మడికాయ కూరిన తొర్తెల్లి అనే పాస్తా రుచిగా ఉంటుంది గాని పిండిలో గుడ్డు కలుపుతారు. మోకాళ్ల నొప్పులున్నవారికి వెరోనాలోని లాంబెర్తి గోపురంలో లిఫ్టు ఉంది. సాన్ పియెత్రో కోట కొండకు చిన్న రైలులో ఎక్కవచ్చు, సాయంత్రం అక్కడి నుంచి అదిజె నది వంపు చూడాలి. కింద కనిపించే పియెత్రా వంతెనను 1945లో జర్మన్ సేనలు పేల్చివేయగా, నదిలో పడిన రాళ్లనే ఏరి తీసి మళ్లీ కట్టారు.

బాటసారి:
అందరికీ కృతజ్ఞతలు. వెరోనాలోనే గది తీసుకున్నాము. సిర్మియోనెకు పొద్దున్నే వెళ్లి కోట చూసి, ప్రాచీన రోమన్ కవి కతుల్లో పేరిట పిలిచే రోమన్ భవన శిథిలాలకు ఎండ ముదరకముందే చేరతాము. మాల్చేజినెకు వేరే రోజు.

కృష్ణాతీరం:
మంచిది. స్టేషనులో కాగితపు ప్రాంతీయ టిక్కెట్టు కొంటే, రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి యంత్రంలో తప్పక ముద్ర వేయించండి. నేను మరచిపోయి జరిమానా కట్టాను.