పాత లారీలో ఏసీ సామాను పీకేయొచ్చా?

బంగారుపాళెం_లోడు: నాది 2012 మోడల్, ఏసీ క్యాబిన్ బండి. కంప్రెసర్ పుల్లీ బేరింగ్ అరుస్తా ఉంది. మళ్ళీ డబ్బు పోసేకంటే కంప్రెసర్, కండెన్సర్, పైపులు అన్నీ తీసేద్దామనుకుంటా ఉండా. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు హీటెక్కుతోంది కూడా. ముందర అడ్డుగా ఉండే కండెన్సర్ లేకుంటే రేడియేటర్‌కి గాలి బాగా తగుల్తుంది, మైలేజీ కూడా వస్తుందంటున్నారు. ఎవరైనా చేసినారా?

చిత్తూరు_బైపాస్: నేను తీయించేసినా. ఏం కాలా.

రేణిగుంట_షెడ్డు: మైలేజీ మాట మర్చిపో. ఏసీ ఆపితే కంప్రెసర్ క్లచ్ వదిలేస్తాది, పుల్లీ ఊరికే తిరుగుతాది, దానికి పోయే డీజిల్ లెక్కలోకే రాదు. ముందు బెల్టు చూడు. ఏసీకి వేరే బెల్టు ఉంటే తీసి పక్కన పెట్టు. ఆల్టర్నేటర్, వాటర్ పంపు అదే బెల్టు మీద తిరుగుతుంటే కంప్రెసర్ చోట ఖాళీ పుల్లీ వేయాల, లేదంటే పొట్టి బెల్టు. పంపు పుల్లీకి సరిగ్గా చుట్టుకోకుండా జారిందనుకో, ఘాట్‌లో ఇంకా హీటెక్కుతాది. @చిత్తూరు_బైపాస్, నువ్వేం బెల్టు వేసినావ్?

చిత్తూరు_బైపాస్: మెకానిక్‌నడగాల.

రేణిగుంట_షెడ్డు: అదీ కథ.

తిరుచానూరు_కూలింగ్: గ్యాస్ ఉంటే నట్టు లూజు చేసి గాలికి వదలబాకండి. 134ఏ అది, కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకట్టి బొబ్బలొస్తాయి. మిషన్‌తో లాగించండి.

బంగారుపాళెం_లోడు: గ్యాస్ యాడుంది సామీ! పోయినేడు ఒకాయన రిపేరు చేసి గ్యాస్ నింపినాడు, నెల తిరక్కుండా అయిపోయింది. అడిగితే ఫోనెత్తడు. అందుకే ఈ పీడే వద్దంటా ఉండా.

రేణిగుంట_షెడ్డు: బెల్టు ఒకటా రెండా?

పాకాల_స్టీరింగ్: బండి తోలేది నువ్వేనా అన్నా?

బంగారుపాళెం_లోడు: డ్రైవర్ ఉన్నాడు. ఏం?

పాకాల_స్టీరింగ్: అనుకున్నా. 3.5 టన్నులు దాటిన సరుకు బండి 2025 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ తయారైతే ఏసీ క్యాబిన్ ఉండి తీరాలని కేంద్రమే రూలు పెట్టింది. నువ్వు ఉండేదాన్ని పీకుతావా?

బంగారుపాళెం_లోడు: అది కొత్త బండ్లకి. నా పాత బండికి ఆ రూలు చెప్పబాక. పోయిన సీజన్లో తోతాపురి లోడుతో పల్ప్ ఫ్యాక్టరీ గేటు కాడ క్యూ. రాత్రంతా ఇంజన్ ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకొని పండుకున్నాడు. డీజిల్ ఎవడబ్బ సొమ్ము?

పాకాల_స్టీరింగ్: ఓహో, మొగిలి ఘాట్ కాదన్నమాట, డీజిల్ లెక్క! మిట్టమధ్యాహ్నం ఆ క్యాబిన్లో ఇంజన్ కవర్ మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించి చూడు. దాని పక్కనే తిని, దాని పక్కనే పండుకోవాల మేము. క్యూ పెట్టింది ఫ్యాక్టరీవోళ్ళు. లోడు ఆగినందుకు వాళ్ళ దగ్గర వసూలు చేసుకో, డ్రైవర్ నిద్రలో కాదు.

బంగారుపాళెం_లోడు: ఈఎంఐ నువ్వు కట్టు, అప్పుడు మాట్లాడు.

రేణిగుంట_షెడ్డు: కొట్టుకునేది తర్వాత. కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ నడుమ టార్చి వేసి చూడు. పురుగులు, దుమ్ము అట్ట కట్టి ఉంటాయి. ఫిన్లు, అంటే ఆ సన్న రేకులు, వంగకుండా మెల్లగా నీళ్ళు కొట్టి కడిగించు. సగం బండ్లు దానికే హీటెక్కేది.

బంగారుపాళెం_లోడు: ఒకటే బెల్టు. కడిగిస్తా. ఏసీ సంగతి నేను చూసుకుంటాలే.

పాకాల_స్టీరింగ్: చూసుకో. సీజన్లో డ్రైవర్ దొరికితే.